చోదకుని సమ్మతి

ఆషాఢమాసపు మేఘములు పడమటి దిక్కునుండి గజయూథములవలె దట్టముగా దరలివచ్చి సాయంకాలమునకు మున్నే సూర్యుని మ్రింగివేయగా శంషాబాదు విమానాశ్రయపు విశాలప్రాంగణమంతయు సీసపురేకువలె మసకబారియుండెను. వర్షధారలచే దడిసిన పరుగుబాటలపై దీపపంక్తులు వణకుచు బ్రతిఫలించుచుండెను. నిలిచియున్న విమానముల రెక్కలనుండి నీరు సన్నని తీగలై జారుచుండగా ఆకాశము తెఱపియిచ్చుటకై గంటలకొలది వేచి విసిగిన ప్రయాణికులు అద్దపుగోడల కావలనున్న మేఘములను దమ దారి కడ్డముగా నిలిచిన మనుష్యులను జూచినట్లు కోపముతో జూచుచుండిరి.

విశాఖపట్టణమునకు బోవలసిన యా ప్రయాణికులలో వేమవరపు మృణాళిని యనునామె యొకతె. గగనసీమ యను విమానసంస్థయందు ఏ చోదకుడు ఏ విమానమును ఎప్పుడు నడపవలెనో నిర్ణయించు విభాగమునకు ఆమె అధికారిణి. మఱునాడు విశాఖలో జరుగనున్న సంస్థాధిపతుల సమావేశమునకై ఆమె తమ విమానముననే బయలుదేరియుండెను.

ఆ వత్సరముననే ప్రభుత్వము విమానచోదకుల విశ్రాంతికి సంబంధించిన నిబంధనలను గట్టిచేసి వారికి వారమువారము లభించు విరామమును బెంచియుండెను. ఆ నిబంధనలను బాటింపవలెనన్న ఉన్న విమానములకే మఱికొందఱు చోదకులు కావలసియుండిరి. క్రొత్తవారిని వెదకి తెచ్చి శిక్షణనిచ్చి సిద్ధపఱచుటకు మాసములు పట్టును. జీతముల భారమును బెరుగును. కావున సంస్థాధిపతులు చోదకులను నియమింపకయు విమానసేవలను దగ్గింపకయు ఆ రెంటి నడుమ నేర్పడిన యగాధమును మృణాళిని నేర్పుచే బూడ్చుకొనుచుండిరి.

నిబంధనలలో నొక సడలింపు కలదు. వాతావరణము వంటి యనూహ్యకారణముచే విమాన మాలస్యమైనప్పుడు ప్రధానచోదకుడు తనకు శక్తి కలదని స్వయముగా సమ్మతించినచో బనివేళ ముగిసిన పిదపను గొంతసేపు విమానమును నడపవచ్చును. ఆ సమ్మతిని మృదుమధురవచనములచే జోదకుల నోట బలికించుటయే మృణాళిని నేర్పు. కాదన్నవారికి మఱుసటి మాసమున దూరప్రాంతముల పనులును దెగిపోవు నిద్రలును బండుగనాటి ప్రయాణములును దప్పకుండెను. అది శిక్షయని యామె యెన్నడును దలపలేదు; సర్దుబాటని మాత్రమే తలచెను.

ఆనాటి ప్రధానచోదకుడు భట్టిప్రోలు చక్రపాణి. వేకువకు ముందే మేల్కొని దేశము నీ చివరనుండి యా చివరకు విమానము నడిపివచ్చి వర్షము వలన నిలిచిపోయిన యా నడివయస్కుని పనివేళ ముగియవచ్చెను. వాన తగ్గినంతనే మృణాళిని తాను గూర్చున్నచోటినుండియే యతనికి ఫోను చేసెను.

"చక్రపాణిగారూ, ఈ ఒక్క ట్రిప్పు నడపగలరా? వేరే కెప్టెన్ ఎవరూ లేరు. మీరు కాదంటే వీళ్లందరూ ఇక్కడే ఉండిపోతారు."

"సరేనమ్మా. ఓపిక ఉంది," అని యతడు పలికెను.

ప్రయాణికులు విమానమెక్కి కూర్చుండిరి. మృణాళిని నడుమునకు బట్టీ బిగించుకొని కన్నులు మూసికొనినంతలో జక్రపాణి కంఠము వినవచ్చెను.

"అందరికీ నమస్కారం. తిరుపతి వెళ్తున్న మన విమానానికి స్వాగతం. తిరుపతిలో ప్రస్తుతం..."

ఆ కంఠ మక్కడనే యాగిపోయెను. ఎవరును దానిని సవరింపలేదు. "ఏడుకొండలవాడు మనల్ని పిలుస్తున్నాడర్రా!" అని వెనుకనెవరో యనగా విమానమంతయు నవ్వెను.

మృణాళిని నవ్వలేదు. ఏండ్లతరబడి ఆమె వినుచున్న యా కంఠము గంటవలె ఖంగుమనునది. ఇప్పుడది నిద్రలో గలవరించువాని పలుకువలె బలుచనై తడబడుచుండెను. నోరు జారుట యెవరికి లేదు, ప్రక్కన సహచోదకుడు లేడా యని తన్ను దాను సమాధానపఱచుకొన జూచెను గాని మేఘముల నడుమ నొకవైపు కొండలును నొకవైపు సముద్రమును గల విశాఖతీరమునకు విమానము దిగుదృశ్యము కన్నులయెదుట నిలిచెను. ఇంతమంది ప్రాణములు తాను బలవంతముగా బలికించిన యొక్క సమ్మతిపై నిలిచియున్నవని యామెకు దక్క నచ్చట నెవ్వరికిని దెలియదు. పరిచారిక తలుపు మూయబోవుచుండగా జూచి ఆమె పట్టీ విప్పుకొని ముందునకు బరుగెత్తెను.

చోదకుల గదిలో జక్రపాణి యెగురుటకు ముందు సరిచూడవలసిన యంశముల పట్టికను జేతబట్టుకొని దానిలోని యొక పంక్తిపై వ్రేలుంచి కదలక కూర్చుండియుండెను. సహచోదకుడైన ప్రద్యుమ్నుని ముఖము పాలిపోయియుండెను. "ఆ వరస ఇందాకట్నించి చదువుతూనే ఉన్నాం మేడమ్," అని యతడు మెల్లగా బలికెను.

"చక్రపాణిగారూ, మీరు ఈ విమానం నడపొద్దు."

"మీరే కదమ్మా అడిగారు?"

"అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. మీరైనా ఓపిక లేదని చెప్పొచ్చు కదా?"

అతడు కెంపెక్కిన కన్నులతో ఆమెను జూచెను. "కిందటిసారి చెప్పాను. ఆ తర్వాత నెలంతా నాకు ఎలాంటి డ్యూటీలు పడ్డాయో మీకు గుర్తులేదేమో. మా ఆవిడకి ఆపరేషన్ జరిగిననాడు నేను జైపూర్‌లో ఉన్నాను. సెలవు అడిగితే మనుషులు లేరన్నారు." అతడు మరల, "మబ్బులంటే నాకు భయం లేదమ్మా. మీ ఫోను మోగితేనే భయం," అనెను.

మృణాళిని భయపడుచున్నది యతని యలసటకు. అతడు భయపడుచున్నది తనకు. చక్రపాణి లేచి నిలువబోయి తూలి యాసనమును బట్టుకొనగా ప్రద్యుమ్నుడు వాని భుజమును బట్టి నిలిపెను. విమానప్రయాణము రద్దయ్యెను.

దిగిన ప్రయాణికులు ఆమెను జుట్టుముట్టిరి. వారిలో భీమిలికి జెందిన గనగళ్ల అప్పన్న యనువాడు చేతులు జోడించి ముందునకు వచ్చెను.

"అమ్మా, మాయమ్మ పోనాది. నానెల్తే గాని ఎత్తరు. వాన తగ్గిపోనాది కదా, ఇంకేటి అడ్డు?"

"కెప్టెన్ బాగా అలసిపోయారు. ఆయన నడిపితే మీరు క్షేమంగా చేరతారని నేను చెప్పలేను," అని మృణాళిని పలికెను.

"అలసిపోయినోడ్ని ఎక్కించినదెవలమ్మా?"

"నేనే."

అప్పన్న తిట్టలేదు. సంచి భుజమున వైచుకొని ఆమె యేర్పాటుచేసిన కారులో బయలుదేరెను. త్రోవలో వాగులు పొంగి జాగు కాగా బంధువులే దహనము ముగించిరి; అతడు చేరునప్పటికి జితి చల్లారియుండెను. ఆ సంగతి యామెకు దరువాత దెలిసెను.

సంస్థాధిపతి యామెను బిలిపించి, "ఒక్క ఊరి పేరు తప్పు పలికినందుకు విమానం ఆపేస్తారా?" యని యడిగెను. ఆ విమాన మెగిరియున్నచో క్షేమముగా దిగియుండెడిదేమో! ఎగురని విమానము సాక్ష్యమీయజాలదు గనుక ఆమె వాదింపలేదు. ఇకపై దా నెవ్వరిని సమ్మతి యడుగననియు జోదకులను బెంచుటయో విమానములను దగ్గించుటయో అధిపతులే నిర్ణయింపవలెననియు మాత్రము చెప్పెను. ఆమెను బదవినుండి తప్పించి శిక్షణాలయమునకు బంపిరి. ఈ సంగతి విని ధైర్యము దెచ్చుకొన్న చోదకులు ఆమె స్థానమున వచ్చినవానికి సమ్మతి నిరాకరింపసాగిరి. వారములకొలది విమానములు రద్దయ్యెను, పత్రికలు దూషించెను, రుసుములు పెరిగెను, చిన్నపట్టణముల సేవలు కొన్ని శాశ్వతముగా నిలిచిపోయెను. పిమ్మట గత్యంతరము లేక సంస్థ క్రొత్త చోదకులను నియమించెను. చక్రపాణి తనివితీర నిద్రించి లేచి మరల విమానములు నడుపుచుండెను.

మృణాళినికి మాత్రము నిద్ర సరిగా బట్టదయ్యెను. ఆపివేసిన విమానమును గూర్చి యామెకు జింత లేదు. అంతకు మునుపు తన మధురవచనములకు లొంగి సరేనమ్మా యని పలికిన చోదకులు పసిపాపలతో వృద్ధులతో నిండిన విమానములను మేఘములలోనికి దీసికొనిపోయి మరల క్షేమముగా దింపిన దినములు, ఏ కీడును జరుగని యా దినములు, ఒక్కటొక్కటిగా జ్ఞప్తికి వచ్చుచుండగా ఆమె తెల్లవాఱుదాక వానిని లెక్కపెట్టుచుండెను.