నాలుగో ప్లేటు

1963 జూలై పదకొండు, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తుంపర ఏడింటికే ఆగింది. ఆకాశం నలువైపులా సమంగా మూసుకుని ఉంది. గాలి లేదు. ఎండ లేదు కనుక నీడ కూడా లేదు.

ఈ మాటలు ఫోటో తీసిన ఒక గాజు ప్లేటు కవరు మీద పెన్సిలుతో రాసి ఉన్నాయి. రాసింది అహల్య. ఆబిడ్స్‌లో రామచందర్ గారి స్టూడియోలో ప్రతి ప్లేటు కవరు మీదా గంటా, వాతావరణమూ రాసి తీరాలి. ఎందుకంటే ఆ స్టూడియోకు ఆకాశమే దీపం. మేడ మీది గదికి ఉత్తరం వైపు వాలుగా గాజు కప్పు ఉండేది. దాని కింద మనిషిని కూర్చోబెట్టి, పెద్ద చెక్క కెమెరా లెన్సు మీది మూతను చేత్తో తీసి, లెక్కపెట్టి, మళ్లీ చేత్తోనే మూసేవారు. తెల్లని ఎండకు అర సెకను, మబ్బుకు ఒకటి, ముసురుకు రెండు. ఇవాళ్టి మబ్బును రాసిపెట్టుకోకపోతే రేపటి మబ్బుకు లెక్క తెలియదు. ఫ్లాషు బల్బులంటే రామచందర్‌కు గిట్టదు. "అది వెలుతురు గాదు, చెంపదెబ్బ" అనేవాడు.

అహల్యకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి సోమయాజులు సచివాలయంలో గుమాస్తా. 1956లో కార్యాలయాలతో పాటు కర్నూలు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల వాటాలో దిగాడు. కూతురిని కోఠీలోని మహిళా కళాశాలలో భౌతికశాస్త్రం చదివించాడు. ఆ చదువులో ఒక మధ్యాహ్నం, చీకటి గదిలో, కటకం ముందు తెల్లకాగితం పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతుంటే, కిటికీ బయటి ప్రపంచం ఉన్నట్టుండి తలకిందులుగా ఆ కాగితం మీద వచ్చి వాలింది. చెట్టు కొమ్మ ఊగింది. ఒక అమ్మాయి సైకిలు మీద ఆకాశంలో నుంచి వెళ్లిపోయింది. మిగిలిన విద్యార్థినులు కొలతలు రాసుకున్నారు. అహల్య రాసుకోలేదు. ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కదిపితే ఒలికిపోతుందేమోనన్నట్టు అలాగే నిలబడిపోయింది. ఫోటోలు తీయడమే తన వృత్తి కావాలనుకున్నది ఆ రోజే.

కానీ రామచందర్ ఆమెకు కెమెరా ఇవ్వలేదు, పెన్సిలు ఇచ్చాడు. కిటికీ పక్కన వాలుబల్ల. దాని మీద నెగటివు పెట్టి, కింద అద్దంతో వెలుతురు పట్టి, భూతద్దంలో చూస్తూ, మొహం మీది మచ్చలనూ ముడతలనూ సూదిలాంటి పెన్సిలు మొనతో పూడ్చాలి. రీటచింగు అంటే అదే. రెండేళ్లలో ఆబిడ్స్ నుంచి సుల్తాన్ బజార్ దాకా సగం మంది పెళ్లికూతుళ్ల మొటిమలు ఆమె చేతి మీదుగానే మాయమయ్యాయి. ఆ జూలై మొదట్లో రామచందర్ ఒక కబురు చెప్పాడు: వచ్చే ఒకటో తారీఖున సికింద్రాబాదు నుంచి కెమెరామన్ వస్తున్నాడు.

"ఏందమ్మా బీఎస్సీ, మొకం గట్ల వెట్టినవ్? నాకు కన్ను మసకైతున్నది. ఫోకసు కుదురుతలేదు. మనిషి గావాలె గదా."

"నేను మనిషిని కానా మాస్టారూ?"

"మనిషివే. గని వచ్చినోళ్లను కూసొవెట్టి, ఇటు తిరుగు, అటు చూడు, కదలకు అని గట్టిగ చెప్పాలె. నీ మాట ఎవరింటరు?"

అహల్య మళ్లీ భూతద్దం మీదికి వంగింది. ఇంట్లో కూడా ఆమె మాట వినేవారు ఎవరూ లేరు.

మొగులయ్య మొదటిసారి వచ్చింది ఆ వారంలోనే. మొజంజాహీ మార్కెట్టు నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఒక చెక్క డబ్బాలాంటి దుకాణంలో ముప్పై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. దుకాణం బల్ల మీద ఆ చేతులను చూసిన ఒక గిరాకీ, ఇచ్చిన గడియారాన్ని వెనక్కి లాక్కుని, "నీ చేతుల వెడితె ఇది గడియారం గాదు, గిలక్కాయ అయితది" అన్నాడు. మొగులయ్య ఆ సాయంత్రమే దుకాణం మూశాడు. బడిపంతులమ్మగా పనిచేసే కూతురు ప్రభావతి, తండ్రి బాధపడకూడదని పనిముట్ల పెట్టెను మంచం కిందికి తోసి తాళం వేసింది.

ఆయన కోరిక ఒక్కటే, దాన్ని కూర్చోకముందే చెప్పాడు. "నాకు మొకం లేకున్న మంచిదే. చేతులు గావాలె. జర నిమ్మలంగ ఉన్నట్టు తియ్యిన్రి. నేను పోయినంక నా మనుమలు చూస్తె, తాత చేతులు గిట్లుండె అనాలె, గజగజ వణుకుతుండె అనొద్దు."

రామచందర్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టించి, "కదలకుండ్రి" అన్నాడు. నలభై ఏళ్లుగా అన్న మాటే. మూత తీశాడు, మూశాడు. ప్లేటు కడిగి చూస్తే, మొహం రాయిలో చెక్కినట్టుంది. మోకాళ్ల మీద చేతులున్నచోట రెండు పొగమంచు ముద్దలున్నాయి. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాడు. ముద్దలు ఇంకా పెద్దవయ్యాయి. మూడోసారి, మూత తీసే ముందే ముసలాయన జేబులోంచి గడియారం తీసి టైము చూసుకుంటున్నాడు. రామచందర్ మసక కన్నుకు అది ఆలస్యంగా కనిపించింది. కవరు మీద "పనికిరాదు" అని రాసి, మూడింటినీ అహల్య బల్ల మీద పడేశాడు.

"పెన్సిలుతోని ఏమన్న చేస్తవా చూడు."

చేయడానికేమీ లేదు. మచ్చను పూడ్చవచ్చు, ముడతను పూడ్చవచ్చు. లేని చేతిని ఎవరు గీస్తారు? అయినా ఆమె అలవాటు కొద్దీ మూడింటినీ వరుసగా భూతద్దం కింద పెట్టింది. మూడో ప్లేటును ఆమె వెలుతురుకు ఇంకా దగ్గరగా జరిపింది.

ఎడమచెయ్యి మోకాలి మీద ఉంది; అది పొగమంచే. కుడిచెయ్యి గడియారాన్ని పట్టుకుని ఉంది. ఆ చేతికి గోళ్లున్నాయి. వేలి కణుపుల మీద గీతలున్నాయి. బొటనవేలి కింద నుంచి తొంగిచూసే, కీ ఇచ్చే బొడిపె మీద సన్నని పళ్లు, లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే సెకను, ఒకే వెలుతురు. ఊరికే ఉన్న చెయ్యి వణికింది. పనిలో ఉన్న చెయ్యి వణకలేదు.

అహల్య మళ్లీ చూసింది. తప్పు చూశానేమోనని ప్లేటును తిరగేసి కూడా చూసింది. తరువాత కారణాన్ని వెనక నుంచి ముందుకు పేర్చుకుంది. ఫోటో అంటే కదలకుండా కూర్చోవడమని అందరికీ తెలుసు. కదలకుండా కూర్చోవాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. ఈ మనిషికి చేతులు ఖాళీ అయితేనే వణుకు. అంటే ఆయన చేతులను పాడుచేస్తున్నది జబ్బు ఒక్కటే కాదు, "కదలకుండ్రి" అన్న మాట కూడా. మరి ఇది ఆయనకే ఎందుకు తెలియలేదు? రోజూ కీ ఇచ్చుకుంటూనే ఉన్నాడు కదా. దానికీ జవాబు తోచింది. గడియారం చూసేవాడు ముల్లును చూస్తాడు, చేతిని చూడడు.

ఆమె పిలిచి చూపిస్తే రామచందర్ భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. మసక కన్ను మూసి, మంచి కన్నుతో చూశాడు.

"అరె," అన్నాడు. భూతద్దం బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చుని, "డబ్బల ఒక్కటే ప్లేటున్నది. బొంబాయి సరుకు ఎప్పుడొస్తదో దేవునికెరుక" అన్నాడు.

"లెన్సు పెద్దగా తెరిచి అర సెకనులో తీయవచ్చు మాస్టారూ. కానీ అప్పుడు మొహానికి ఫోకసు పెడితే చేతులు మసకవుతాయి, చేతులకు పెడితే మొహం. ఒక సెకనే ఉండాలి. ఆయనకు చేతిలో పని ఉండాలి. కదలవద్దని ఎవరూ అనకూడదు."

"గదే గదా తిప్పలు. కెమెరా ముట్టుకుంటె నా నోట్ల నుంచి ఆ మాట దానంతటదే వస్తది." ఆయన నవ్వాడు. నవ్వు ఆగాక కెమెరా మీది నల్లగుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే తియ్యి. వచ్చిందా, సికింద్రాబాదాయనకు రావొద్దని చెప్త. రాలేదా, పెన్సిలు పట్టుకొని కూసో. మల్ల నన్ను అడుగొద్దు."

ఆ విధంగా గురువారం ఉదయం వచ్చింది. అహల్య కబురు పంపినందుకు ప్రభావతి పనిముట్ల పెట్టెను తువ్వాలులో చుట్టి తెచ్చింది. తండ్రికి వినపడకుండా, "మల్ల ఆశ వెట్టి ఏడిపియ్యకమ్మా ఆయనను" అంది. అంతవరకు అహల్య, ఫోటో రాకపోతే పోయేది తన చేతికొచ్చిన కెమెరా ఒక్కటే అనుకుంది.

గాజు కప్పు కింద చిన్న బల్ల వేసింది. దాని మీద తన తండ్రి చేతిగడియారం పెట్టింది. అది రెండు నెలలుగా ఆగిపోయి ఉంది.

"మొగులయ్యగారూ, వెలుతురు రావడానికి ఇంకా కాస్త సమయం పడుతుంది. ఈలోగా దీన్ని చూసి పెడతారా? నాన్నగారిది."

"గారూ అంటె నేను ఎవరో అనుకుంటి!" ముసలాయన గడియారం వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. "నాతోని అయితదా బిడ్డా?"

"కాకపోతే పోనివ్వండి. అది ఎలాగూ నడవడం లేదు."

"ఔ, గదీ నిజమే. సచ్చినదానికి నేనేం జేస్త."

పెట్టె తెరిచాడు. తెరిచేటప్పుడు మూత గడగడలాడింది. ప్రభావతి మొహం తిప్పుకుంది. భూతద్దం కంటికి తగిలించుకుని, గడియారం వెనక మూత ఊడదీశాడు. అహల్య నల్లగుడ్డ కింద తల పెట్టింది. కెమెరా వెనకవైపు గరుకు అద్దం మీద మొగులయ్య తలకిందులుగా, తెల్లని వెలుతురులో వేలాడుతున్నాడు. చేతులు పైన, ముఖం కింద. ఫోకసు పెడుతుండగా ఆ చేతులు మెల్లమెల్లగా నెమ్మదించడం ఆమె కళ్లారా చూసింది. సుడి తిరిగే నీళ్లు తేరుకున్నట్టు నెమ్మదించాయి. కాలేజీ గదిలో కాగితం పట్టుకున్నప్పటి ఒళ్లు జలదరింపు మళ్లీ వచ్చింది. ఈసారి కాగితం పట్టుకుని నిలబడిపోవడానికి వీల్లేదు.

ప్లేటు పెట్టి, కెమెరా పక్కన నిలబడింది. చెయ్యి లెన్సు మూత మీద ఉంది. రామచందర్ గుమ్మంలో నిలబడి, భుజం మీది తువ్వాలును నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నూలుపోగు చిక్కింది," అన్నాడు మొగులయ్య తనలో తాను. "గింతే. గింత దానికి రెండు నెలలు ఆగింది పాపం." చిన్న పటకారులాంటి చిమ్టాను లోపలికి దించాడు. సన్నని పని చేసేవాళ్లందరి లాగే, ఆ చివరి క్షణంలో ఆయన ఊపిరి బిగబట్టాడు. భుజాలు ఆగాయి, గడ్డం ఆగింది, చేతులు ఆగాయి. గదిలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అహల్య మూత తీసింది. మనసులో 'ఒకటి' అని లెక్కపెట్టింది. మూసింది.

ముసలాయన ఊపిరి వదిలాడు. చిమ్టా కింద పెట్టాడు. పెట్టగానే వేళ్లు మళ్లీ వణకసాగాయి. "నడుస్తున్నది," అన్నాడు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని. "ఇగ కూసొమ్మంటవా? ఫోటో ఎప్పుడు?"

"అయిపోయిందండీ."

"కదలొద్దని అననే లేదు గదా!"

గుమ్మంలో రామచందర్ తువ్వాలు తీసి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ఇద్దరూ తొట్టి మీదికి వంగారు. మందులో ప్లేటు కొంతసేపు ఖాళీగానే ఉంది. ఆ కొంతసేపట్లో అహల్య తన జీవితమంతా పెన్సిలు చెక్కుకుంది. ఆ తరువాత ముందుగా తెల్లని తల, నెగటివులో నల్లగా, పైకి తేలింది, చొక్కా తేలింది, చిట్టచివరికి, ఎవరో లోపలి నుంచి గీస్తున్నట్టు, ఒక్కో వేలూ తేలింది. పది వేళ్లు. ఆమె లెక్కపెట్టింది. గోళ్లతో సహా పది.

ప్లేటు ఆరాక రామచందర్ భూతద్దం పెట్టాడు. "అన్నీ మంచిగొచ్చినయ్. గీ గడియారంల మాత్రం చిన్న మరకున్నది. పెన్సిలుతోని సాపు చెయ్యి."

అహల్య చూసింది. గడియారం పొట్టలో ఆవగింజంత పొగమంచు. అది మరక కాదు. చిమ్టాతో పోగు లాగిన ఆ సెకనులోనే, గడియారాన్ని నడిపే బ్యాలెన్సు చక్రం తిరగడం మొదలుపెట్టింది. ప్లేటు మొత్తంలో కదిలింది అదొక్కటే.

చెప్పింది. రామచందర్ మళ్లీ వంగి, మునుపటికన్నా చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లలో ఎన్ని వేల ప్లేట్లు కడిగాడో ఆయనకే లెక్క లేదు. "దాన్ని ముట్టకు," అన్నాడు చివరికి, గుళ్లో మాట్లాడే గొంతుతో. తరువాత బల్ల మీది పెన్సిళ్ల డబ్బాను తీసుకుపోయి అలమారలో పెట్టాడు.

శనివారం మొగులయ్య పెద్ద కాపీని రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకున్నది కదిలింది, అందులోని చేతులు కదలలేదు.

"గివి నా చేతులేనా బిడ్డా?"

"మీవే."

"నువ్వు పెన్సిలు గిట్ల పెట్టలే గదా?"

"ఒక్క గీత కూడా పెట్టలేదండీ."

ఆయన ఫోటోను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఆ తరువాత కూతురి వైపు తిరిగి, "పెట్టె మంచం కిందికి పోవద్దు" అన్నాడు. ప్రభావతి కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి తండ్రి జేబులో వేసింది.

సికింద్రాబాదు కెమెరామన్ రాలేదు. మొగులయ్య ఆ ఆగస్టులో తన డబ్బా దుకాణం తెరిచి, ఈ ఫోటోను బల్ల పైన గిరాకీలకు ఎదురుగా తగిలించి, 1968 అక్టోబరు దాకా గడియారాలు బాగుచేశాడు.