తట్టల మీద చీమలు

మా అత్త గంగులమ్మ రోజూ పొద్దున్నే పట్టుపురుగుల గది తలుపు తీసే ముందు నన్నొకటి అడిగేది. "ఏమ్మే, ముట్టు కాలేదు కదా?" పురుగులకు మైల తగిలితే చస్తాయని కుప్పం పక్క పల్లెల్లో నమ్మకం. కాపురానికి వచ్చిన ఏడేళ్ళలో ఒక్క రోజు కూడా అడగడం మానలేదు. నేనూ తలొంచుకుని జవాబు చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభై మూడులో, ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సిన పురుగులు ఒక్క పూటలో తట్టల్లోనే చచ్చాయి. అత్త గడప మీద కూర్చుని శోకాలు పెట్టింది.

"ముట్టు దాసిపెట్టి లోపలికొచ్చినావు. మీ అమ్మోళ్ళింటికి పో. మళ్ళా ఈ గడప తొక్కొద్దు."

నా మొగుడు రెడ్డెప్ప బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

మర్నాడే మా మామ మునెప్పను మదనపల్లె ఆసుపత్రిలో చూపించాలి. ఆయనకు ఏడాదిగా వణుకు జబ్బు. మాత్రలతో చేతులు కుదుటపడితే, డాక్టరు సంబరపడి రెండు నెలల కింద ఇంకో మాత్ర పెంచాడు. బస్సు ఎలాగూ మా పుట్టిల్లు పుంగనూరు మీదుగానే పోతుంది కాబట్టి దారిలో నన్ను దించెయ్యమంది అత్త. ఏదో చిల్లర సామాను దించినట్టు!

రెడ్డెప్ప ముందు సీట్లో కూర్చున్నాడు. మామ పక్కన నేను. పలమనేరు దాటినప్పటి నుంచీ ఆయన పంచె మీద ఏదో దులుపుకుంటూనే ఉన్నాడు. అక్కడ ఏమీ లేదు. వంగి చూస్తే మడతలో తెల్లటి పొడి, గమాక్సిన్ పురుగుమందు వాసన.

"మామా, ఏం దులుపుకుంటాండావు?"

"చీమలమ్మా." మళ్ళీ పంచె దులిపాడు. "రెండు నెల్లుగా సూస్తాండా. తట్టల నిండా చీమలే. పురుగుల్ని పీక్కుతింటాండాయని మందు సల్లినా."

మా తట్టల స్టాండుకు నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలుంటాయి. ఒక్క చీమ ఎక్కలేదు. ఆ గిన్నెల్లో రోజూ నీళ్ళు పోసేది నేనే.

"యాల సెప్పలేదు?"

"ఎవురడిగినారు? సెప్తే దయ్యం పట్టిందని యాపమండల్తో కొడతారు గదమ్మా."

జాలి వేసింది. నన్ను తిడుతుంటే ఈయన గోడవారన కూర్చుని విన్నాడని గుర్తొచ్చి అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

పుంగనూరులో రెడ్డెప్ప నా గుడ్డల సంచి అందించాడు. నేను దిగలేదు. "మదనపల్లెకి ఇంకో టికెట్టు తియ్యి" అన్నాను. నా మొహం చూసి తీశాడు.

డాక్టరు ఎప్పటిలాగే చేతులు చాపమన్నాడు, వేళ్ళు ఆడించమన్నాడు, నాలుగడుగులు నడవమన్నాడు. "భేష్! వణుకు బాగా తగ్గిందే" అంటూ చీటీ అందుకున్నాడు.

"చేతులు సూసింది చాలు సార్. కండ్లకేం కనిపిస్తాండాదో అడగండి" అన్నాను.

చీమల సంగతి విన్నాక తలెత్తాడు. "ఈ మాత్రతో కొందరికి లేనివి కనిపిస్తాయి. ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"కనిపిస్తాయని తెలిసినోళ్ళు మీరు. మీరు ముందే యాల అడగలేదు?"

వరండాలో జనమంతా తొంగిచూసేలా అరిచాను. ఆయన చీటీ మీద పెంచిన మాత్ర కొట్టేశాడు.

తిరుగు బస్సులోనూ పుంగనూరులో దిగకుండా వాళ్ళతోనే ఇంటికొచ్చాను. పది రోజుల్లో చీమలు పోయాయి, వణుకు తిరిగొచ్చింది. మామ అత్తకు నిజం చెప్పాడు. ఆవిడ నాతో తప్పయిందనలేదు. "ఊర్లో ఎవురికీ సెప్పొద్దు. పిచ్చోడుండే ఇల్లంటారు" అంది. ఆయన పరువు మిగలాలంటే నింద నా నెత్తినే ఉండాలన్నమాట. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడుతూనే ఉన్నారు.

మళ్ళీ పురుగులు తెచ్చిన రోజు, మల్బరీ ఆకు మోసుకొచ్చిన కూలీలంతా వాకిట్లోనే ఉన్నారు. అత్త తలుపు దగ్గర నిలబడి అలవాటుగా నోరు తెరిచింది.

"ఏమ్మే, ముట్టు..."

"నన్ను గాదత్తా అడగాల్సింది" అని మామ వైపు తిరిగాను. "మామా, ఈ పొద్దు ఏమన్నా కనిపిస్తాండాదా?"

కూలీలంతా తలలు తిప్పి చూశారు. అత్త మొహం నల్లబడింది. మామ లేచి, వణికే చేత్తోనే గడియ తీశాడు.

"ఏమీ లేదమ్మా" అన్నాడు అందరికీ వినపడేలా. "ఆ పొద్దు పురుగుల్ని సంపింది నేను. నీకు ముట్టయినా సరే, కాకపోయినా సరే, లోపలికి రా."