నమిలి పెట్టిన ముద్ద

ఓడుర్ బుగ్గ కరిగిపోతోంది! మొన్న డ్రిప్పు పెట్టేటప్పుడు లోపల చిలగడదుంప దాచుకున్నట్టు ఉన్న దవడ ఈ పొద్దుటికి సగానికి దిగింది. మూసుకుపోయిన కన్ను తెరుచుకుని, పిల్లాడు ఎదుటి మంచం మీది పాపను వెక్కిరిస్తున్నాడు. వాడి నాయనమ్మ అబేజా ఆ బుగ్గను తడిమి, నమ్మలేక మళ్లీ తడిమి, నాలుక ఆడిస్తూ, పెళ్లిళ్లలో వేసే ఆనందపు కేక వేసింది. వార్డులో తల్లులందరూ ఆ కేక అందుకున్నారు.

వెయ్యదూ మరి! ఓడుర్‌కు ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. చావు కన్ను పడకుండా వీడికి పెంటకుప్ప అని అర్థం వచ్చే ఈ పేరు పెట్టి పెంచుకున్నారు. దవడ వాస్తే పంటి జబ్బే అనుకుని పళ్లు పీకేవాడి దగ్గరికి మోసుకెళ్లారు. ఆ మహానుభావుడు పళ్లూ పీకాడు, కోడినీ పట్టుకుపోయాడు, వాపు మాత్రం పెరుగుతూనే పోయింది. లీరా పట్నంలోని ఈ ఆసుపత్రికి వచ్చాకే అది రక్తకణాల్లో పుట్టిన క్యాన్సర్ అని తేలింది.

"అవ్వా, ఆకలి! నమిలి పెట్టు!"

ఎన్ని రోజులకు విన్న మాట! అబేజా గబగబా రాగిముద్ద తుంచి, నువ్వుల ముద్ద అద్ది నోట్లో వేసుకుంది. పాలు మాన్పించిన నాటి నుంచీ వాడికి ఆమె నమిలి పెట్టిందే తిండి.

సరిగ్గా అప్పుడే డాక్టర్ అమోలో వార్డు మధ్య నిలబడి తల్లులకు జబ్బు గురించి చెబుతోంది. ఆమె కూడా వీళ్ల లాంగో తెగ పిల్లే. ఈ విషయం ఎత్తితే చాలు, చేతులు ఒకచోట నిలవవు.

"పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ ఉంది చూడండీ, దాని చుట్టమే ఇంకోటుంది. ఉమ్మిలోంచి వస్తుంది. వచ్చి రక్తకణాల్లో దూరి కూర్చుంటుంది. పదేపదే మలేరియా వచ్చే మన చోట, ఎక్కడో ఒక బిడ్డలో ఆ కణాలకు పిచ్చెక్కుతుంది. వైరస్‌కీ ఈ వాపుకీ లంకె ఉందనే మా నమ్మకం!"

ఉమ్మి అన్న మాట దగ్గరే అబేజా దవడ ఆగిపోయింది. నోట్లోది అరచేతిలోకి ఉమ్మేసి వరండాలోకి నడిచింది. కోడలు జూడిత్ వెనకే పరుగెత్తింది.

"అత్తా, ఏమైంది?"

"వినలేదా? నేనే పెట్టానే వాడి నోట్లో, ఆ పురుగును! నన్నింక వాడి దగ్గరికి రానీకు."

ఓడుర్ మొండిఘటం. తల్లి గంజి పడితే తోసేశాడు, పాలు పడితే ఒలకబోశాడు. సాయంత్రానికి డాక్టర్ ముఖం వాడిపోయింది. "వీడు తినకపోతే రక్తం పుంజుకోదు జూడిత్. పుంజుకోకపోతే తర్వాతి మందు ఎక్కించలేను. ఆ మందు పడకపోతే వాపు మళ్లీ లేస్తుంది," అని, నేరుగా వరండాలోకి వచ్చింది.

"లే పెద్దమ్మా, నీ మనవడు పస్తులున్నాడు."

"ఉండనీ. నా ఎంగిలి తినడం కన్నా పస్తే నయం."

"ఆ వైరస్ నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? ఈ వరండాలో అది లేనివాళ్లెవరో చూపించు! తల్లి ముద్దులోంచి వస్తుంది, అందరూ తాగే చెంబులోంచి వస్తుంది. నమిలి పెట్టని ఇళ్లలోనూ వస్తుంది."

"ఓదారిస్తే ఓదార్చు తల్లీ. ముసలిదాన్ని కదా అని అబద్ధాలాడకు."

"అయితే రక్తం ఇవ్వు. పరీక్ష చేసి చూపిస్తాను."

"నా ఒక్కదానిదే ఎందుకు? నీదీ తియ్యి!"

"నాదీ!" అన్నాడు మూల కూర్చున్న ఇంకో పిల్లాడి తాత, చొక్కా చెయ్యి మడుస్తూ. ఇంకేముంది, జూడిత్‌తో సహా వరండా అంతా వరస కట్టింది.

మర్నాడు డాక్టర్ దాదాపు పరుగున వచ్చింది. "ఉంది! తాతకుంది, జూడిత్‌కుంది, నీకుంది, అందరికీ ఉంది! నాకూ ఉంది!"

అబేజా ఆమెను ఎగాదిగా చూసింది. "ఇంత చదువుకున్నదానివి, నీకూనా! నీకెవరు నమిలి పెట్టారే?"

"మా అమ్మమ్మ. వేరుశనగలు. ముక్కుపొడి వాసనతో సహా!"

వరండా పగలబడి నవ్వింది. అబేజా మాత్రం నవ్వలేదు. "అందరికీ ఉంటే, వాడికే ఎందుకొచ్చింది ఈ రోగం?"

డాక్టర్ ఆమె పక్కన చతికిలబడింది. "పూర్తిగా తెలీదు పెద్దమ్మా. ఇందులో మలేరియా చెయ్యి ఉంది. ఇంకేదో చెయ్యి కూడా ఉంది. అది దొరికేదాకా నేను ఈ ఊరు వదలను. తప్పు నీదని మాత్రం నేననలేను, ఎవరూ అనలేరు. ఇప్పుడు వాడి రక్తం నీరసంగా ఉంది కాబట్టి నమలొద్దు, రోట్లో మెత్తగా నూరు. చేతులు కడుక్కో. పెట్టేది మాత్రం నువ్వే."

అబేజా వయసు మరిచి పరుగెత్తింది. వంటల పాక దగ్గర రోలు దడదడలాడింది.

ముద్ద అందిస్తే ఓడుర్ అనుమానంగా చూశాడు. "నువ్వు నమల్లేదు."

"రోలు నమిలిందిరా. దానికి నాకన్నా గట్టి పళ్లు."

వాడు కాసేపు ఆలోచించి నోరు తెరిచాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకోటి అడిగాడు. గిన్నె అడుగు కనిపించేసరికి జూడిత్ ఏడుస్తూ నవ్వుతోంది.

ఆఖరి ముద్దను ఓడుర్ మింగలేదు. మెల్లగా నమిలి, వేళ్లతో బయటికి తీసి అవ్వ పెదవులకు ఆనించాడు. "నువ్వు నిన్నట్నుంచీ తినలేదంటగా. తిను."

అబేజా వెనక్కి తగ్గబోయింది. అంతలో ఏమనుకుందో, నోరు తెరిచి ఆ ముద్ద అందుకుంది, మింగింది.

"ఉప్పు తగ్గిందిరా," అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపు ఇంకాస్త వేస్తాను."