ఎడమ రెక్కలో అతుకు

విమానం కట్టడంలో అహరోను చేసిన తప్పులన్నిటిలో పెద్దది మైకు పట్టుకోవడం. మిగతావన్నీ రేకు మీద చేసినవి. విప్పి మళ్లీ బిగించుకోవచ్చు.

అహరోను బర్మాలో, రంగూన్‌కి నది ఇవతలున్న తన్లిన్‌లో రేకుపని చేసి చేసి చేతులు కాయలు కాసిన మనిషి. ఇంట్లోనే బిగించుకునే విమానం కిట్టు కొనేంత స్తోమతు అతనికెక్కడిది? అతని చేత ఇంటి మరమ్మతులు చేయించుకునే విదేశీ దొర ఒకాయన సరదాకి తెప్పించుకున్నాడు. పెట్టెలు దిగాయి, వాటి వెనకే దేశంలో గొడవలు దిగాయి. దొర వాటి మేకులైనా ఊడదియ్యకుండా, “నువ్వే కట్టుకో” అని చెప్పి వేరే విమానం ఎక్కి పోయాడు.

ఇంటి వెనక షెడ్డులో ముందు కోళ్లగంప, వెనక విమానం. ఒక్కడే కూర్చునేది. తోడు బామ్మర్ది ఎడ్విన్, ఇంకా ముప్పై నిండనివాడు. రేకులు కలిపే రివెట్టు కొట్టడం ఒంటిచేతి పని కాదు. ఇవతల ఒకడు గన్ను నొక్కాలి, రేకు అవతల ఇంకొకడు ఇనప దిమ్మ ఆనించాలి. ఒకడి ఊపిరి ఇంకొకడికి తెలియాలి. తెలిసేలోపు ఎన్ని రేకులు సొట్టలు పోయాయో దేవుడికెరుక. ఒకసారి రెక్కల చివర కదిలే పలకలు రెండూ కట్టి పక్కపక్కన పెడితే రెండూ ఎడమవైపువే.

“రెండెడం కాళ్లోడు గెంతినట్టు గెంతుతాది బావా ఇది,” అన్నాడు ఎడ్విన్.

“మీ యిద్దరికీ కలిపి ఒక్క బుర్ర పెట్టినాడు దేవుడు. అదీ ఎడంపక్కదే,” అంది మరియ, టీ గ్లాసులు పెడుతూ. ఒకడికి పెళ్లాం, ఒకడికి అక్క. ఇద్దర్నీ ఒకే నోటితో తిట్టే హక్కు ఆమెకుంది.

అన్నీ సరిచేశారు, ఒక్కటి తప్ప. రెక్క లోపల ఈ కొస నుంచి ఆ కొసకి దూలం ఉంటుంది. గాల్లో బరువంతా మోసేది అదే. ఎడమ దూలానికి అహరోను ఒక బెజ్జం అంచుకి మరీ దగ్గరగా వేశాడు. రివెట్టు కొట్టగానే వెంట్రుకంత బీట. కొత్త దూలం విదేశం నుంచి రావాలి. ఈ రోజుల్లో రాదు. పైన మందపు రేకు అతుకేశారు. ఎంత బాగా కుదిరిందంటే వేలితో తడిమినా అంచు తెలీదు. అయినా అతుకు అతుకే. ఇద్దరూ మాటనుకున్నారు: ఇది చక్రాల మీద పరిగెడుతుంది, నేల విడిచిపెట్టదు.

ఇంజను మొదటిసారి తిరిగిన వారమే మరియ కృతజ్ఞత కూడిక పెట్టించింది. తన్లిన్‌లోని మన తెలుగు క్రైస్తవుల్లో కుట్టుమిషను కొన్నా పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాలి, ఇంటాయన లేచి సాక్ష్యం చెప్పాలి, తర్వాతే భోజనాలు. సాక్ష్యం చెప్పేవాడికి ఒక జబ్బుంది. ఎదర జనం తలలూపుతుంటే దేవుడు చేసిన మేలు ఇంకాస్త పెరుగుతుంది. అహరోనుకీ పెరిగింది.

“మా తప్పులన్నీ ప్రబువు సరిసేసినాడు. ఈయాల ఈ ఇమానంలో వంక లేదు! ఎగిరిందంటే బేగో నది దాటి రంగూన్ మీదికెల్లి తిరిగొస్తాది!”

అందరూ హల్లెలూయ అన్నారు. ఎడ్విన్ బావ ముఖం చూసి తలొంచుకున్నాడు. పాటల జట్టులో ఒక పిల్ల ఫోను ఎత్తి పట్టుకునే ఉంది.

ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో, కొన్నాళ్లకి వార్డు పెద్దని వెంటబెట్టుకుని ఒక సైన్యపు ఆఫీసరు దిగాడు. మెత్తటి మాట. విమానం చుట్టూ తిరిగి, రేకు నిమిరి, బర్మా భాషలో, పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే ‘ఊ’ కూడా మరవకుండా, “ఊ అహరోను, మంచి చెయ్యి నీది. ఈ మధ్య చిన్న విమానాలకి పని పెరిగింది,” అన్నాడు.

ఏం పనో అతను చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఊళ్ల మీద తిరిగే చిన్న యంత్రాలు ఏ బాంబులు జారవిడుస్తున్నాయో, అక్కణ్ణుంచి పారిపోయొచ్చి రంగూన్ శివార్లలో లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లు చెబుతూనే ఉన్నారు.

“నడిపేదెవరు సయా?” అన్నాడు అహరోను. సయా అంటే బర్మాలో ‘అయ్యా’ అన్నట్టు.

“కట్టినవాడికన్నా ఎవడికి తెలుసు?” ఆఫీసరు ఎడ్విన్‌ని చూపించాడు. “మేం నేర్పిస్తాం. ఎలాగూ సైన్యంలోకి పిలుపు వచ్చే వయసే. నడవడం కన్నా ఎగరడం నయం కదా?”

“దీని ఎడమ రెక్క దూలం బీటలిచ్చింది సయా. గాల్లో విరిగిపోతుంది,” అన్నాడు అహరోను.

ఆఫీసరు అతుకు మీద వేలు రాసి చూశాడు. వేలికేం తగల్లేదు. నవ్వి ఫోను తీశాడు. అందులో అహరోను చేతులెత్తి వంక లేదని అరుస్తున్నాడు. కింద ఆ మాటల్ని ఎవరో పుణ్యాత్ములు బర్మా భాషలో రాసి కూడా పెట్టారు.

“అబద్ధం నాకు చెబుతున్నావా, మీ దేవుడికి చెప్పావా?”



వాళ్లు వెళ్లాక మరియ అంది: “ఆ అతుకు ఊడదీసి సూపించు మావా. కళ్లతో సూస్తే నమ్ముతారు.”

రివెట్లు ఒక్కొక్కటే డ్రిల్లు చేసి ఊడదీశారు. ఎడ్విన్ ఫొటో తీసి వార్డు పెద్దకి పంపాడు. మర్నాడే కబురొచ్చింది: బీట చిన్నదే, ఇంకా మందపు రేకు వెయ్యండి, వారంలో ట్రక్కు వస్తుంది.

అహరోను కోళ్లగంప పక్కన చాలాసేపు కూర్చున్నాడు. గట్టిగా బాగుచేస్తే ఎగురుతుంది. ఎగిరితే కింద ఎవరిదో ఊరు. బాగుచేసినట్టు నటిస్తే విరుగుతుంది. విరిగితే అందులో ఎడ్విన్. ఎడ్విన్ కాకపోతే ఇంకే తల్లి కొడుకో. ఎటు తిప్పినా ఒక ప్రాణం అడుగుతోంది ఆ రేకు.

లేచి రంపం తీశాడు.

“నన్నొగ్గరు బావా ఆళ్లు,” అన్నాడు ఎడ్విన్.

“తెల్సు.”

“నిన్నూ ఒగ్గరు.”

“తెల్సురా. ఇందులో మాత్రం నిన్ను కూకోబెట్టనేను.”

 ఎడ్విన్ వెళ్లి రెక్క రెండో కొస పట్టుకున్నాడు, ఎప్పట్లాగే. ఎడమ దూలం సగం తెగాక అలవాటు కొద్దీ అన్నాడు: “వంకరపోతంది బావా. ఇటొత్తు.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే అహరోను ఏడ్చాడు. కుడి దూలం కూడా కోశారు. ఒక్కటి మిగిల్చినా దాన్ని చూసి ఎవడో రెండోది చెయ్యగలడు. మరియ గుమ్మంలో నిలబడి చూసింది. ఆపలేదు, సాయమూ పట్టలేదు.

ట్రక్కు పొద్దున్నే వచ్చింది. ఆఫీసరు తెగిన రెక్కల్ని చూసి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“నేనే కోశాను. నన్ను తీసుకుపొండి,” అని అహరోను బర్మా భాషలోనే బతిమాలాడు.

“చెయ్యి మంచిదే ఊ అహరోను. వయసే మంచిది కాదు.” ఆఫీసరు ఎడ్విన్ భుజం మీద చెయ్యి వేశాడు. “రెక్కలు లేకపోతే ఏం? నడుస్తాడు.”

ఎడ్విన్‌ని లోపలికెళ్లి చొక్కా మార్చుకోనివ్వలేదు. ట్రక్కు మీదికి లాగుతుంటే తిరిగి చూశాడు. “అక్కా, బావని తిట్టకు. ఇద్దరం కలిసి కోసినాం.”

మరియ తిట్టలేదు. షెడ్డు గుమ్మం దగ్గర తమ్ముడి చెప్పులు కనిపించాయి. వాటిని చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. ట్రక్కు అప్పటికే రంగూన్ వంతెన దారి పట్టింది. కాసేపటికి ఆ చెప్పులతోనే తిరిగొచ్చి, మొగుడి ముందు నిలబడింది.

“వట్టికాళ్లతో ఎల్లిపోనాడు మావా,” అంది. “ఎంత దూరం నడిపిస్తారో ఏటో.”