భోజనాల గదిలో కరువు

లోకంలో రాజ్యాలు వంకరగా నడవవచ్చు, న్యాయం వంకరగా నడవవచ్చు, పెద్దమనుషుల మాట కూడా వంకర పోవచ్చు. గోడకు తగిలించిన పటం మాత్రం వంకరగా ఉండరాదు. ఈ సిద్ధాంతం కోసం చరిత్రలో ఎవరూ యుద్ధాలు చేయలేదు గాని, ఫోటోఫ్రేముల కొట్టులో పనిచేసే రసమట్టం మాత్రం తన మోకాళ్ళు రెండూ సమర్పించుకున్నాడు. వంకర పట్టే రసమట్టాన్ని, అదే గాలిబుడగ ఆడే గాజుగొట్టం చెక్కను, ఎప్పుడూ జేబులో వేసుకు తిరుగుతాడు కనుక అతనికా పేరు. అసలు పేరు పెట్టినవాళ్ళు పోయారు, పిలవవలసినవాళ్ళు మరిచారు.

ఆ ఉదయం అతడు ఒక వకీలుగారి భోజనాల గదిలో నిచ్చెన మీద ఉన్నాడు. నోట్లో మేకులు, చెవి వెనక పెన్సిలు, కనుబొమల మీద సున్నపు పొడి. కింద వకీలుగారి భార్య చేతులు కట్టుకుని నిలబడి, ఏనాటి కరువులోనో ఎవరో తీసిన ఫోటోలను గోడ మీద సర్దిస్తోంది. అన్నీ నలుపు తెలుపువి. పెద్దవి చేసి, సన్నని నల్ల చట్రాల్లో బిగించినవి. బీటలువారిన చేను, ఖాళీ కుండ పక్కన కూర్చున్న తల్లి, డొక్కలు తేలిన ఎద్దు.

"ఆ కరువు కాస్త ఎడమకి జరుపు బాబూ. ఎద్దు మరీ పైకెళ్ళిపోయింది. తల్లిని దీపం కిందికి తీసుకురా. ఆ మొహంలో ఎంత హుందాతనం ఉందో చూశావా?"

"ఉందండీ," అన్నాడు మేకుల సందులోంచి. నోట్లో మేకులున్నవాడికి అన్నింటికీ ఉందండీ అనడమే క్షేమం.

బల్లకు ఎదురుగా గోడ నడిమి భాగం మాత్రం బోసిగా మిగిలింది. అక్కడికి రావలసినది ముసలి రైతు ఫోటో. ఎద్దు చచ్చాక కాడిని తన భుజానే వేసుకుని నిలబడ్డాడాయన. కళ్ళు మాత్రం ఎదుటివాడి చేతిలో ఏముందో వెతుకుతున్నట్టుంటాయి. బండిలో తెస్తుంటే అద్దం పగిలి, బొమ్మంతా గీరుకుపోయింది. సాయంత్రమే విందు. ఆవిడ కొట్టు యజమానికి ఫోన్ చేసింది. యజమాని రసమట్టానికి చేశాడు.

"ఏమయ్యా, కొట్టు నమూనాకని ఎప్పుడో తీయించిన ఈ ముసలాయనే నీ ఇంట్లో ఉన్నాడుగా? పట్టుకొచ్చి తగిలించెయ్."

"అది మా మామగారండీ."

"ఏ మామగారయ్యా! ఆ ఫోటో తీసేనాటికి మీ మామ పుట్టే ఉండడు. వచ్చే నెల నీకు ఇంకోటి తీయించి ఇస్తాలే, తే."

యజమాని చెప్పింది నిజమే. కాని సత్యం వేరు, సంసారం వేరు. రసమట్టం భార్య చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుంది. ఆయన ఫోటో ఒక్కటైనా లేదు. "నాన్న మొహం గోడమీద ఉంటే బావుండేది," అని ఎప్పుడో ఒకమాట అంది. దాన్ని ఇతడు ఏళ్ళ తరబడి మనసులో మోశాడు. నమూనా ఫోటో కొట్టులో మూలపడినప్పుడు తుడిచి, చట్రం కట్టి, ఇంటికి తెచ్చి, "మీ నాన్నలా లేడూ?" అన్నాడు. ఆమె చాలాసేపు చూసి, "అచ్చం," అంది. ఆ రోజునుంచి ఆయన మామగారు. చిరాకుపడి గిన్నె విసరబోయినప్పుడు కూడా రసమట్టం ఒకసారి గోడవైపు చూసి, మెల్లగా కింద పెట్టేవాడు.

భార్యకు తండ్రిని రెండోసారి ఎలా పోగొట్టడం? ఇల్లు చేరేదాకా ఆ ప్రశ్న అతని కాళ్ళకు అడ్డం పడుతూనే ఉంది.

ఆమె గిన్నెలు తోముతోంది. గుమ్మంలోనే నిలబడి నసుగుతూ విషయం చెప్పాడు.

"దానికింత మొహం వేలాడేసుకొచ్చావా? తీసుకెళ్ళు."

"మీ నాన్న కదే!"

"మా నాన్నా! ఇంత బక్కపీనుగెక్కడ, మా నాన్నెక్కడ! ఆయన బరువుకి పాడె మోయడానికి మనుషులు చాలక పక్కూరికి కబురెళ్ళింది. పైగా ఆయనకి మీసమే లేదు."

రసమట్టం గడప మీద కూలబడ్డాడు. "మరి ఆ రోజు అచ్చం అన్నావు?"

"పెళ్ళయ్యాక నాకోసమని నువ్వు తెచ్చిన మొదటి వస్తువయ్యా అది. సంబరపడుతూ తెస్తే కాదని ఎలా అనను?" చేతులు కడుక్కుని వచ్చి, ఫోటో దింపి, కొంగుతో అద్దం తుడిచింది. "ఎవరి తండ్రో ఏమో, పాపం. ఇన్నాళ్ళకి పెద్దింటి భోజనానికి పిలుపొచ్చింది. వెళ్ళనీ."

సాయంత్రానికి ముసలి రైతు వకీలుగారి గోడ ఎక్కాడు. బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. "ఇప్పుడు గదికి కళ వచ్చింది," అంది వకీలుగారి భార్య.

రసమట్టం ఇంటికి వచ్చి, జేబులోని గొట్టం చెక్క కిటికీ గట్టు మీద పెట్టి, బోసి మేకు కింద చాప పరుచుకున్నాడు. "నిజంగా మీసం లేదూ?" అని మళ్ళీ అడిగాడు.

"లేదన్నానా! పడుకో."

నవ్వుకుని, గోడవైపు తిరిగి నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. పనిలాగే చావునూ చప్పుడు లేకుండా, ఇంటివాళ్ళకు ఇబ్బంది లేకుండా కానిచ్చాడు. దండ వేయడానికి అతని ఫోటో కోసం పెట్టెలన్నీ వెతికారు. ఊళ్ళో అందరి మొహాలూ గోడకెక్కించినవాడిది ఒక్కటీ దొరకలేదు.

కొద్దిరోజులకు కొట్టు యజమాని గోనెపట్టాలో చుట్టిన ఫోటో పట్టుకుని పలకరింపుకొచ్చాడు.

"తిప్పి పంపేశారమ్మా. మిగతా కరువంతా బావుందట. ఈయనొక్కడే కంచాల్లోకి చూస్తున్నాడట. వచ్చినవాళ్ళకి ముద్ద దిగలేదట. ఆ చోటికి పూలగుత్తి బొమ్మ అడిగారు."

ఆమె దాన్ని పాత మేకుకే తగిలించింది. మర్నాడు పక్కవాటాలోకి కొత్తగా దిగిన ఆవిడ వచ్చి కూర్చుని, గోడవైపు చూసి, "అన్నయ్యగారు ఇలాగే ఉండేవారా వదినా?" అంది.

ఆమె చాలాసేపు చూసింది.

"అచ్చం," అంది.

పటం ఎడమవైపు అరవేలెడు కిందికి దిగి ఉంది. కిటికీ గట్టు మీద రసమట్టం పెట్టినది పెట్టినట్టే ఉంది. అందులో బుడగ ఒక మూలకు చేరింది. ఆ గట్టు కట్టిననాటినుంచీ వంకరే.