ఉల్లంకి పిట్టకు కట్టిన ధడా

నేను ఒక ఇత్తడి తక్కెడను. కంచరి కొలిమిలో పుట్టి, మొదట జీలకర్ర కొట్లో పనికి కుదిరాను. ఆ కొట్టాయన తూచేటప్పుడు పళ్లెం అంచుకు చిటికెన వేలు ఆనించేవాడు. మనుషులు నా ముల్లును నమ్మేది అది తమ వైపు వాలినప్పుడేనని అక్కడే తెలుసుకున్నాను. తర్వాత ఈ రేవుకు వచ్చి, ఎండుచేపలమ్మే సింహాద్రమ్మ చేతిలో పడ్డాను. వేలితో నొక్కి చేపలో తడి ఎంతుందో చెప్పేస్తుందామె. కొసరు మాత్రం ఎవరికీ వెయ్యదు.

చలికాలమంతా రేవు బురదలో మేసే ఉల్లంకి పిట్టలు, ఎండలు ముదిరే వేళకు ఒళ్లు చేసి, మంచుకొండలు దాటి ఉత్తరానికి పోతాయి. దూరప్రయాణానికి సరుకెత్తుకోవడం వాటికి బాగా తెలుసు. ఆ ఏడు చేపల మీద కప్పిన వలలో రెండు చిక్కాయి. లావుది చచ్చిపోయింది. రెక్క కమిలిన బక్కది మిగిలింది. సింహాద్రమ్మ చచ్చినదాన్ని తూచి, దాని బరువుకు సరిపడే రాయిని పక్కన పెట్టి, "ఇది కూడా ఇంత బరువుకొస్తే వదిలేస్తాను" అంది.

రోజూ చిన్న రొయ్యలు మేపి తూచేది. ఒక తువ్వాలును రెండుగా చించి, ఒక ముక్కలో పిట్టను చుట్టేది. గుడ్డ బరువు లెక్కలోకి రాకుండా, రెండో ముక్కను ధడాగా అవతలి పళ్లెంలో ఆ రాయితో పాటు పెట్టేది. రెక్క నయమైంది. ముల్లు మాత్రం పిట్ట తేలికనే చెప్పేది.

బయట ఎర్రమట్టి దిబ్బల మీద, తుప్పల పైన ఉల్లంకి జట్లు సుడి తిరుగుతున్నాయి. మొగుడు దానయ్య వచ్చాడు.

"ఇంకా బక్కగానే ఉందేటే? జట్టెల్లిపోతే ఒక్కత్తీ దారెలా పడతాది?"

"నన్నడుగుతావేటి? ముల్లు సెప్తంది కదా."

దానయ్య ధడా ముక్క తీసి పిండాడు. నీటి చుక్క నేల మీద పడింది.

"ఊరందరి సేపల్లో తడి కనిపెడతావు. ఇది తెలీలేదేటి?"

"సెయ్యి తుడుసుకున్నానేమో."

"రోజూనా?"

ఆమె అతని చేతిలోంచి గుడ్డ లాక్కుంది. ఆ ముక్కను పాక కప్పు మీద ఆరేసింది. ఆరాక మళ్లీ తూచింది. పిట్ట పళ్లెం గభాల్న కిందికి దిగింది.

పిట్టను నా పళ్లెంలోనే పెట్టుకుని రేవు అంచుకు నడిచింది. గుడ్డ విప్పింది. పిట్ట బురదలోకి గెంతింది. వెనకే పిడికెడు రొయ్యలు విసిరింది.

"ఇంద, కొసరు."

"పెళ్లయిన కాడినుంచి నాకెప్పుడూ ఎయ్యలేదు" అన్నాడు దానయ్య.

"నువ్వేటి కొండలు దాటాలా?"

పిట్ట రెండు రొయ్యలు తిని, మీదుగా పోతున్న జట్టు కూత వినగానే లేచింది. జట్టులో కలిశాక ఏది మాదో నేను చెప్పలేను. ఆమె మాత్రం ఒకదాన్నే చూస్తున్నట్టు చాలాసేపు నిలబడింది.

ఇప్పుడు పాకలోకి అంకెలు వెలిగే కాటా వచ్చింది. నేను మేకుకు వేలాడుతున్నాను. జట్లు లేచే రోజుల్లో మాత్రం సింహాద్రమ్మ నన్ను గుమ్మం బయట కట్టి, పళ్లెంలో రొయ్యలు పోస్తుంది. తినేది కాకులే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముల్లు వంక చూడదు.