దుప్పటి కింది పాట

మా అన్నయ్య రెండింటిని బాగా వాయించేవాడు: గిటారునీ, నా వీపునీ. వీపు ఇంకా ఉంది. బస్సు ప్రమాదంలో అన్నయ్యతో పాటే గిటారూ పోయింది.

మిగిలింది వదిన ఫోనులో ఒక పాట, అదీ సగం. అన్నయ్య సొంతంగా కట్టిన బాణీ.

"మిగతా సగం వినాలని ఉంది మరిదీ. ఆయన గిటారులాగే ఉండాలి," అంది వదిన.

నేను పళ్ళపొడి ప్రకటనలకు సంగీతం అతికించే సౌండు ఇంజినీరుని. అతుకుల్లో నన్ను మించినవాడు లేడు.

"టోన్ మ్యాచింగ్ అని ఒకటుంది వదినా. కంప్యూటరు దర్జీలాంటిదనుకో. అన్నయ్య గిటారు గొంతుకి కొలతలు తీసి, నా గిటారుకి అదే చొక్కా కుడుతుంది."

"ముందు నీ పొట్టకి సరిపోయే చొక్కా కుట్టమను," అంది. అన్నయ్య పోయాక ఆమె నోట వినపడ్డ మొదటి వేళాకోళం. నవ్వబోయి ఇద్దరం చెరో గోడా చూశాం.

కొలతలు చూస్తే పాటలో పదునంతా అణిగిపోయి ఉంది. చవక ఫోను పాపమనుకుని, ఆ పదును కాస్తా పెంచి సరిచేశాను. ఒక ఉదయం నా గిటారూ సరంజామా మోసుకెళ్ళి, వదినావాళ్ళ హాల్లో ఉన్న అన్నయ్య స్పీకరుకే తగిలించి వాయించాను. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన వదిన, నర్సు చీరలోనే కూర్చుని వింది.

"ఇది ఆయన కాదు. మా వార్డు నేలలా మరీ శుభ్రంగా ఉంది."

"కంప్యూటరులో గీతలన్నీ సరిపోయాయి వదినా, ఇదిగో చూడు!"

"గీతలు సరిపోయాయేమో, గీతం సరిపోలేదు."

లేచి లోపలికి వెళ్ళింది. మందపాటి పాత దుప్పటి తెచ్చి, రెండు మడతలు వేసి స్పీకరు మీద కప్పింది.

"నేను పగలు పడుకోవాలిగా. గట్టిగా వినపడకుండా ఇలా కప్పి వాయించేవాడు."

మళ్ళీ మీటాను. దుప్పటి కిందనుంచి అన్నయ్య వచ్చాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మీటడం ఆపి అడిగాను. "సగంలో ఎందుకు ఆగింది వదినా? ఫోను నిండిపోయిందా?"

"ఫోను దిండు కింద పెట్టి నేనే రికార్డు చేశా. కళ్ళు తెరిచి వింటే 'పడుకోవే' అని ఆపేసేవాడు. మూసుకుంటే నిద్రపోయాననుకుని ఆపేసేవాడు. ఎటుచూసినా చివరిదాకా వినే యోగం లేకపోయింది నాకు."

"చివర ఏముందో నాకూ తెలీదు వదినా."

"తెలిసినంత వరకు వాయించు. ఆ తర్వాత నీ ఇష్టం."

సోఫాలో ఒత్తిగిలి పడుకుని, కళ్ళు మూసుకుంది. మొదటినుంచీ ఎత్తుకున్నాను. పాట దుప్పటి కింద మెల్లగా నడిచి, అన్నయ్య ఆపిన చోటుకి వచ్చింది. నా వేళ్ళూ అక్కడే ఆగిపోయాయి. ఎన్ని వందల అతుకులు వేసిన చెయ్యి! ఒక్క స్వరం తోచలేదు.

"ఆపకు," అంది వదిన, కళ్ళు తెరవకుండానే. "మెలకువగానే ఉన్నాను."